బిడ్డ మాట నేర్చు విధము – పెద్దల బాధ్యత

బిడ్డకు నడక నేర్పుటకు గురువు అక్కఱలేదు. కాళ్లలో సత్తువ చేరిన నాడు తానే లేచును, పడును, మరల లేచును. మాటయు నడక వంటిదేనా, లేక వ్రాత వలె, ఈత వలె ఒకరు పూనుకొని నేర్పినగాని రానిదా? ఇది పండితుల గోష్ఠులలో తేలవలసిన ప్రశ్న యని తోచును గాని, బీదరు వంటి యూర కాపురమున్న తెలుగువారికి ఇది యింటి ప్రశ్న. మాట దానంతట అదియే వచ్చునదైనచో, మన పిల్లలకు తెలుగు రాకపోవుటకు మనము బాధ్యులము కాము. నేర్పినగాని రానిదైనచో బాధ్యత యంతయు మనదే. నిజము ఈ రెంటి నడుమ ఎక్కడ నున్నదో విచారింపక ఒకరినొకరు నిందించుకొనుచున్నాము. తాతలు తల్లిదండ్రులను, తల్లిదండ్రులు బడిని, బడి యింటిని.

ముందుగా మన యూరి సంగతి. 1956 నవంబరు 1వ తేదీన హైదరాబాదు రాష్ట్రము మూడు పాళ్లుగా విడిపోయినప్పుడు బీదరు జిల్లాయు మూడు పాళ్లయ్యెను. జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములు ఆంధ్రప్రదేశమునకును, ఉద్గీరు, నిలంగా, అహమ్మదుపూరు తాలూకాలు బొంబాయి రాష్ట్రమునకును పోగా, బీదరు, భాల్కి, హుమ్నాబాదు, ఔరాదు మైసూరు రాష్ట్రమున చేరెను. భాషలను బట్టి గీచిన గీతలే యైనను భాషలు ఆ గీతల కొలదిని నిలువలేదు. అంగడిలో దక్కనీ ఉర్దూ, కచేరీలో కన్నడము, ఇరుగుపొరుగున మరాఠీ, పొయ్యి కడ తెలుగు నేటికిని వినవచ్చుచునే యున్నవి. ఇది క్రొత్త సంగతియు కాదు. మన పొరుగున నున్న కల్యాణమున వెలసిన బసవేశ్వరుని చరిత్రమును పాల్కురికి సోమనాథుడు తెలుగున రచింపగా, దానిని భీమకవి 1369లో కన్నడమున వెలయించెను. కన్నడదేశపు మహనీయుని కథ తెలుగు త్రోవన కన్నడమునకు చేరిన సీమ యిది.

ఇట్టి చోట పెరుగు తెలుగుబిడ్డ తీరు ఎల్లరెఱిగినదే. అవ్వ ‘అన్నము తిందువా’ యని యడుగును. పిల్ల ‘ఊట బేడ’ అని కన్నడమున బదులు పలికి ఆటకు పరుగిడును. అవ్వ మాట పిల్లకు తెలియకపోలేదు. తెలిసియు నాలుక ఆ దారిన తిరుగదు. అర్థము తెలిసిన భాష నోటికి రాకపోవుట యెట్లు సంభవించును? మా విచారణకు మూలము ఈ చిన్న చిక్కే.

మన పూర్వులలో మీమాంసకులు బిడ్డ మాట నేర్చు విధమును నిశితముగా పరికించిరి. వారి దృష్టాంతము ప్రసిద్ధము. ఒక పెద్దవాడు మఱియొకనితో ‘ఆవును తెమ్ము’ అనును. అతడు పోయి ఆవును తోలుకొని వచ్చును. ప్రక్కన కూర్చున్న బిడ్డ చూచుచుండును. పిమ్మట ‘ఆవును కట్టుము’ అనియు, ‘గుఱ్ఱమును తెమ్ము’ అనియు వినును; ఆయా పనులు జరుగుట కనును. ఏ మాట తొలగినప్పుడు ఏ పని మాఱెనో, ఏ మాట చేరినప్పుడు ఏ జంతువు వచ్చెనో పోల్చుకొని, ఆవనగా నేమో, తెచ్చుటయనగా నేమో తానే విడదీసికొనును. పెద్దల నడవడి వలన కలుగు ఈ జ్ఞానమునకు వృద్ధవ్యవహారము హేతువనిరి. విడి మాటల అర్థములు కూడి వాక్యార్థమగునా, మాట వాక్యములో ఇమిడియే అర్థమిచ్చునా యను విషయమున కుమారిలునకును ప్రభాకరునకును పొసగలేదు. ఆ తగవు మన శక్తికి మించినది.

అయితే ఆ దృష్టాంతమున ఒక విశేషము కలదు. అందు బిడ్డతో ఎవరును మాటలాడరు. చెప్పువాడొకడు, చేయువాడొకడు, బిడ్డ మూడవవాడై కూర్చుండును. కావున వానికి కలిగినది అర్థజ్ఞానము. వాడు నోరు తెఱచి ఒకనిని ఆవు కొఱకు పంపినట్లు ఆ కథలో లేదు. బీదరులోని మన యిండ్లలో జరుగుచున్నది సరిగా ఇదియే. తాతయు అవ్వయు తమలో తాము తెలుగున మాటలాడుకొందురు. తల్లియు తండ్రియు తగవులాడునప్పుడు తెలుగున ఆడుదురు. బిడ్డ వంక తిరిగినంతనే కన్నడమో ఆంగ్లమో ఎత్తుకొందురు. బిడ్డ మూడవవాడై మిగులును. వినికిడి వలన అర్థము వచ్చినది, పలుకు రాలేదు.

పశ్చిమ ఖండములలో ఈ విచారణ గత శతాబ్దపు నడుమ వేడెక్కెను. 1957లో అమెరికా దేశపు స్కిన్నరు అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు మాట కూడ తక్కిన అలవాట్ల వంటిదే యని గ్రంథము వ్రాసెను. బిడ్డ యేదో శబ్దము చేయును, అది పెద్దలకు నచ్చినచో నవ్వుదురు, అడిగినది ఇత్తురు, ఆ మెప్పు వలన ఆ శబ్దము నిలుచును, తక్కినవి రాలిపోవును. రెండేండ్లకు, 1959లో, నోమ్ చామ్‌స్కీ యను భాషాశాస్త్రజ్ఞుడు ఆ గ్రంథమును విమర్శించుచు, మెప్పుల వలన, అనుకరణము వలన ఇంత భాష యింత త్వరగా వచ్చుట పొసగదనియు, బిడ్డ తానెన్నడును వినని వాక్యములను పలుకుననియు, అందుకు తగిన యేర్పాటు పుట్టుకతోనే మనస్సున నుండవలెననియు వాదించెను. భర్తృహరి కూడ వాగ్బీజము బిడ్డకు పూర్వవాసన వలన వచ్చుననెను. ఇరువురి మార్గములు వేఱైనను, బయటి బోధన యొక్కటియే చాలదనుటలో మాత్రము పోలిక కలదు.

దీనికి సాక్ష్యము కొఱకు దూరము పోనక్కఱలేదు. ‘పిల్లి’కి ‘పిల్లులు’, ‘బల్లి’కి ‘బల్లులు’ అని విన్న తెలుగుబిడ్డ కొంతకాలము ‘ఇల్లు’నకు ‘ఇల్లులు’ అనును. ఏ తల్లియు ‘ఇల్లులు’ అని పలుకదు. పలికిన బిడ్డను ఎవరును మెచ్చుకొనరు. అయినను ఆ రూపమును బిడ్డ తయారుచేసికొన్నది. సూత్రమును తానే కనుగొన్నది, దానిని మితిమీరి వాడినది. మనము దానిని తప్పందుము. వైయాకరణుడు వినినచో సంతోషించును.

అంతకంటె చిత్రమైనది ‘మేము’, ‘మనము’ అను రెండు మాటల సంగతి. ఎదుటివానిని కలుపుకొనిన ‘మనము’, కలుపుకొననిచో ‘మేము’. ఈ భేదమును బిడ్డకు విడమఱచి చెప్పిన తల్లిని మేమెఱుగము. వ్రేలితో చూపుటకు ఇది ఆవు కాదు, గుఱ్ఱము కాదు. ఎదుట నున్నవారు అవే ముఖములు. ఒకప్పుడు ‘మేము’, ఒకప్పుడు ‘మనము’. అయినను బడికి పోక మునుపే తెలుగుపిల్లలు దీనిని చక్కగా వాడుచుందురు. నేటి కన్నడమున ‘నావు’ అను నొక్కమాటయే రెంటికిని చాలును. ఉర్దూలో ‘హమ్’ అంతే. మరాఠీలో మాత్రము ‘ఆమ్హీ’, ‘ఆపణ’ అని రెండున్నవి. కావున కన్నడ, ఉర్దూల నడుమనే పెరిగి, తెలుగును ప్రక్కనుండి వినిన మన పిల్లలలో కొందఱు ‘తాతా, మేము సంతకు పోదాము’ అందురు. తాతను కలుపుకొన్నారో విడిచిపెట్టిరో తాతకు తెలియదు. ఆ మాటను వానితో కలిసి ఆడిన పెద్దలు లేకపోయిరి.

బుద్ధిలోనే యేర్పాటున్నదన్నంత మాత్రమున బయటి మాట అక్కఱలేదని కాదు. 16వ శతాబ్దమున అక్బరు పాదుషా ఈ సంగతి తేల్చుటకై కొందఱు పసిబిడ్డలను మాటలాడని దాదులకప్పగించి, మానవ శబ్దము సోకని యింట పెంచెను. ఆ యింటికి గుంగ్ మహల్, అనగా మూగవారి భవనము, అను పేరు వచ్చెను. ఆ పిల్లలకు ఏ భాషయు రాలేదు. పాదుషా కుతూహలము తీఱినది గాని పసివాండ్ర బ్రతుకులేమయ్యెనో తలచిన గుండె బరువెక్కును. నేటి శాస్త్రజ్ఞులట్టి పని చేయరు, చేయనీయరు. వారు మెత్తని దారులు వెదకిరి.

వానిలో రెండు మాకు మిక్కిలి విలువైనవిగా తోచినవి. మొదటిది 1984 నాటిది. కెనడా దేశమున జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనువారు ఆంగ్లము మాత్రమే మాటలాడు ఇండ్లలోని శిశువులకు హిందీలోని త, ట శబ్దముల భేదమును వినిపించిరి. ఆంగ్లమున ఆ భేదము లేదు. ఆఱు, ఎనిమిది నెలల శిశువులు దానిని గుర్తించిరి. పది పండ్రెండు నెలల శిశువులలో ఎక్కువమందికి ఆ నేర్పు సన్నగిల్లినది. హిందీ వినుచు పెరిగిన శిశువులకు నిలిచినది. మన తెలుగున ‘తాత’ వేఱు, ‘టాటా’ వేఱు. ఆ భేదము వినవచ్చు చెవితోనే లోకమందలి శిశువులెల్లరు పుట్టుదురనియు, ఏడాది తిరుగకమున్నే ఇంటి భాష ఆ చెవికి హద్దులు గీయుననియు దీని వలన తెలియుచున్నది.

రెండవది 2003 నాటిది. అమెరికాలోని సియాటిల్ నగరమున పెట్రీషియా కూల్ అను విదుషి తన సహచరులతో కూడి తొమ్మిది నెలల శిశువులకు చైనా భాషను వినిపించెను. కొందఱి యెదుట చైనా భాష తెలిసినవారు కూర్చుండి, బొమ్మలు చూపి, కన్నులలో కన్నులు పెట్టి మాటలాడిరి. మఱికొందఱికి ఆ మనుష్యులనే, ఆ మాటలనే తెరమీద చూపిరి. మనుష్యుల నుండి వినినవారు ఆ భాషలోని శబ్దభేదమును పట్టుకొనిరి. తెరనుండి వినినవారికి ఏమియు అంటలేదు. ‘మా యింట తెలుగు టీవీ తెల్లవాఱినది మొదలు మ్రోగుచునే యున్నది, బిడ్డకు తెలుగు రాకేమి’ అను పెద్దలు దీనిని గమనింపవలెను. కొంచెము ఎదిగిన పిల్లలు తెరనుండి కొన్ని మాటలు పట్టుకొనవచ్చును. పసివానికి మాత్రము తనవైపు తిరిగిన ముఖము కావలెను. 2003లోనే మైకేల్ టొమసెల్లో అను పండితుడు వేఱొక గ్రంథమున, బిడ్డ యెదుటివాని ఉద్దేశమును గ్రహించుట వలననే, వానితో కూడి ఒకే వస్తువును చూచుట వలననే భాష పుట్టుచున్నదని చెప్పెను. చామ్‌స్కీ మతస్థులు దీనిని ఒప్పుకొనరు. మాకైతే మీమాంసకుల ఆవు మరల వాకిటికి వచ్చినట్లు తోచినది.

మాట యిట్లు వచ్చును సరే, ఆలోచన యేమగును? సభలలో ‘మాతృభాష లేనిచో ఆలోచనయే లేదు’ అని ఉపన్యసించువారిని తఱచుగా వినుచున్నాము. వారి మాటలో సగము నిజము. జెనీవా వాసి పియాజే, రష్యా వాసి వైగాట్‌స్కీ ఇరువురును 1896లోనే జన్మించిరి. ఒకే ప్రశ్నకు వేఱు జవాబులిచ్చిరి. ఒంటరిగా గుజ్జనగూళ్లాడు పిల్ల ‘ఇదిగో బియ్యము పోసితిని, ఇక మూత పెట్టవలెను’ అని తనలో తాను మాటలాడుకొనుట చూచియున్నాము గదా. ఎదుటివాని దృష్టి తెలియని పసితనమున అట్లు మాటలాడుననియు, బుద్ధి పెరిగిన కొలదిని అది అంతరించుననియు పియాజే 1923లో వ్రాసెను. అంతరింపదు, లోనికి పోవును, లోపలి మాటయై ఆలోచనకు పనిముట్టగునని వైగాట్‌స్కీ చెప్పెను. ఆయన గ్రంథము ఆయన మరణించిన 1934లోనే వెలువడెను.

వైగాట్‌స్కీ పక్షమున మాకొక స్వానుభవము కలదు. మా తండ్రులు నైజాము పాలనలో ఉర్దూ మాధ్యమమున చదివి ‘పహాడే’ వల్లించిరి. మేము కన్నడపు బడిలో ‘మగ్గి’ వల్లించితిమి. మా మనుమలు ‘టేబుల్సు’ చదువుచున్నారు. మగ్గి యనిన వారికి రెండు నిమిషములలో ఉడుకు సేమ్యా తోచును. గుమాస్తాగిరీలో దినమెల్ల పద్దులు కూడినప్పుడు మా పెదవుల మీద ఆడినవి కన్నడపు అంకెలే; తెలుగు అంకెలు కావు. జ్వరము వచ్చిన రాత్రి నోట వచ్చినది మాత్రము తెలుగు. లోపలి మాట ఒక్క భాషకు కట్టువడి యుండలేదు. ఏ పనిని ఎవరితో కూడి నేర్చితిమో ఆ పని వారి భాషలో లోపల నిలిచినది. కావున మాతృభాష యొకటి పోయినంతనే బిడ్డకు బుద్ధి చెడునని బెదరించుట న్యాయము కాదు.

దీనికి వ్యతిరేకమైన బెదరింపు ఇంకను ఎక్కువ హాని చేయుచున్నది. ‘ఇంట తెలుగు, వీథిలో కన్నడము, బడిలో ఆంగ్లమైనచో పిల్లవాడు తికమకపడును, ఇంటను ఆంగ్లమే మాటలాడుడు’ అని తల్లిదండ్రులకు హితవు చెప్పు బడులు తక్కువ కావు. ఈ భయము పాతది. 1962లో కెనడా దేశపు మాంట్రియాలు నగరమున పీల్, ల్యాంబర్ట్ అనువారు పదేండ్ల పిల్లలను పరీక్షించి, ఫ్రెంచి ఆంగ్లములు రెండును చక్కగా వచ్చినవారు ఒక్క భాష వచ్చినవారికంటె వెనుకబడకపోవుటయే కాక ముందున్నారని చూపిరి. మన దేశమున అజిత్ కుమార్ మహంతి ఒడిశాలోని కొంధు తెగ పిల్లలను పరిశీలించి, కుయీ, ఒడియాలు రెండును వచ్చినవారు ఒడియా మాత్రమే మిగిలినవారికంటె భాషను గూర్చి ఆలోచించుటలో మెఱుగుగా నున్నారని తెలిపెను. ఈ మెఱుగు ఎంతయను విషయమున నేటికిని వాదములున్నవి. రెండు భాషల వలన బుద్ధి మందగించునను మాటకు మాత్రము నిలువ నీడ లేదు. తల్లికి అరకొరగా వచ్చిన ఆంగ్లమును బిడ్డకు పోసి, నిండుగా వచ్చిన తెలుగును దాచుట లాభసాటి బేరము కాదు.

ఇక ధర్మవిచారము. 1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణ వలన 350-ఎ అధికరణము చేరినది. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పింప యత్నింపవలెనని అందున్నది. 1994లో కర్ణాటక ప్రభుత్వము నాలుగవ తరగతి వఱకు మాతృభాషయో కన్నడమో మాధ్యమముగా నుండవలెనని ఉత్తరువు చేసినది. ఆ వివాదము సుప్రీము కోర్టుకు పోగా, 2014 మే 6వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ప్రభుత్వము మాధ్యమమును బలవంతముగా విధింపజాలదనియు, బిడ్డ మాతృభాష యేదో నిర్ణయించువారు తల్లిదండ్రులో సంరక్షకులో యనియు తీర్పు చెప్పినది.

ప్రభుత్వమునకును తల్లిదండ్రులకును నడుమ ఈ తీర్పు సబబే. బిడ్డ నాలుక మీద సర్కారు ముద్ర పడుట మాకును సమ్మతము కాదు. కాని తల్లిదండ్రులకును బిడ్డకును నడుమ నున్న ప్రశ్నను ఏ న్యాయస్థానమును విచారింపలేదు, విచారింపజాలదు. అడుగుటకు నోరు లేని వయసున బిడ్డ తరఫున నిర్ణయము జరిగిపోవుచున్నది. కొందఱందురు: భాష ఆస్తి కాదు, వారసత్వముగా ఇచ్చి తీఱవలె ననుటకు, కన్నడదేశమున బ్రతుకు బిడ్డకు కన్నడమును, ఉద్యోగమునకు ఆంగ్లమును చాలును, తక్కినది ముసలివారి మమకారము. ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. మన గౌరవము కొఱకు బిడ్డను సాధనముగా వాడుట తప్పే. వేదికనెక్కి నాలుగు పద్యములప్పగించి, దిగిన పిమ్మట ‘అనగానేమి’ యని అమ్మను కన్నడమున అడుగు బిడ్డ ఎవరి కొఱకు ఆ పద్యములు చదివినట్లు?

అయినను తులయందు రెండు వైపులు సమానముగా లేవు. ఇచ్చిన భాషను బిడ్డ పెద్దయై అక్కఱలేదని విడువవచ్చును. ఈయని భాషను పెద్దయైన పిమ్మట పుస్తకములు పెట్టుకొని నేర్వవచ్చును గాని, ఏడాది లోపలి చెవిని, ‘మనము’ అను మాటను అడుగకయే గ్రహించిన ఆ తెలివిని మరల పొందుట దుర్లభము. ఒక నిర్ణయమును బిడ్డ తిరుగద్రోయగలదు, రెండవదానిని త్రోయలేదు. ఎన్నుకొనుటకు బిడ్డకు వీలు మిగుల్చునదే న్యాయమైనదని మా యభిప్రాయము. ఇందుకు ఖర్చు లేదు, ఫీజు లేదు. బిడ్డవైపు తిరిగి మాటలాడుట యొక్కటే.

అయితే ఎవరి మాట? భాల్కి నుండి వచ్చిన కోడలు మరాఠీ యింటి పిల్ల కావచ్చును, హుమ్నాబాదు నుండి వచ్చినది కన్నడ యింటి పిల్ల కావచ్చును. అట్టి యింట ‘మా వంశపు బిడ్డకు తెలుగే రావలె’నని కోడలి నోరు కట్టివేయు అత్తమామలున్నారు. తల్లి తన భాషలో లాలించుటను ఆపి తెలుగును నిలుపవలెననుట తెలుగునకు గౌరవము కాదు. ఆమె మరాఠీ ఆమెకు, అవ్వ తెలుగు అవ్వకు. బిడ్డ మనస్సున చోటు చాలక పోదు.

ఇంకొక మాట కూడ చెప్పక తప్పదు. మన జిల్లాలోని లంబాడీ తాండాలలో పిల్లలు ఇంట గోర్ బోలీ మాటలాడుదురు. ఆ పిల్ల కన్నడపు బడిలో మొదటి తరగతిలో మాటలేక కూర్చున్నచో మొద్దు అనుట మనలో పలువురికి అలవాటు. తెలుగునకు న్యాయము అడుగు మనము ఆ పిల్ల భాషకు న్యాయము అడిగితిమా? ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో గోండీ, కోయ, సవర మొదలగు ఎనిమిది భాషలలో గిరిజన శిశువులకు తొలి తరగతుల బోధన ఆరంభించిరి. వానిలో బంజారా భాషయు ఒకటి. అట్టి యత్నమును ఇచ్చట కోరుట మనవంటి సంఘములకు తగిన పని. తన పిల్లల కొఱకు మాత్రమే కోరిన హక్కు హక్కుగా నిలువదు.

ఇక మన ఆదివారపు తరగతుల మాట. అక్షరమాల నేర్పుట మంచిదే. వ్రాత యీత వంటిది, నేర్పినగాని రాదు. కాని నోట తెలుగు లేని బిడ్డకు అక్షరములు నేర్పుట ఖాళీ డబ్బాలకు చీటీలంటించినట్లుండును. గంటలో సగము అక్షరములకిచ్చి, తక్కిన సగమున తాతలను, అవ్వలను పిల్లల నడుమ కూర్చుండబెట్టి పులిమేక, అష్టాచెమ్మ ఆడింపవచ్చును. ఆజ్ఞలు పిల్లల నోట వెలువడవలెను; పనులు పెద్దలు చేయవలెను. ఆవును తెమ్మని ఈసారి బిడ్డ చెప్పవలెను, తాత లేచి తేవలెను. తాతలకు మోకాళ్ల నొప్పులనియు, సెల్‌ఫోను విడిచి రారనియు కొందఱు మిత్రులు ఆక్షేపించిరి. అది నిజమే. ముందుగా నలుగురు వచ్చినను చాలును. పలకలకు కేటాయించు సొమ్ములో కొంత తీసి గవ్వలును, రెండు పులిమేక బల్లలును కొనవచ్చును.